బొమ్మ వెనక పేజీ: బాపు చిన్న బొమ్మల గురించి పాఠకుల ప్రశ్నలు

గత రెండు నెలల్లో ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. పాత వారపత్రికల్లో కథ మొదట్లోనో, చివర మిగిలిన జాగాలోనో బాపు గారు వేసిన చిన్న బొమ్మలు ఎప్పటివో తేల్చుకోవడం ఎలాగన్నదే ఆ విషయం. ఒకరి ప్రశ్నకు చెప్పిన జవాబు మరొకరికి కూడా పనికి వస్తుంది గనక ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను. రాసినవారి పేర్లు వేయకుండా ఊళ్ల పేర్లు మాత్రం ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మగారు పెళ్లికి ముందు వారపత్రికల్లోంచి తమకు నచ్చిన పేజీలు చించి, వరసగా పేర్చి, బైండు చేయించుకున్నారు. అందులో ‘బుడుగు’ పేజీలు కొన్ని, వాటి వెనక ఎవరివో తెలియని కథల పేజీలు కొన్ని ఉన్నాయి. బైండు చేసినతను అంచులు కత్తిరించడంతో తేదీలూ పేజీ అంకెలూ పోయాయి. కొన్ని బొమ్మలకు సంతకం ఉంది, కొన్నింటికి లేదు. ఇవి ఏ సంవత్సరానివో, సంతకం లేనివి బాపు గారివేనో కాదో తెలుసుకునే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందుగా మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. పత్రికల పేజీలు చించి బైండు చేయించుకునే అలవాటు ఒకప్పుడు మన ఇళ్లలో ఎంతగా ఉండేదో ఆ తరం వారికి తెలుసు. గ్రంథాలయాల్లో సంపుటాలు చెదలు పట్టి, చినిగి, కొన్నిచోట్ల బొమ్మల వరకే ఎవరో బ్లేడుతో కోసుకుపోయి అసంపూర్తిగా మిగిలిన సందర్భాల్లో, ఆ లోటు తీర్చగలిగినవి ఇలాంటి ఇంటి బైండులే.

మీ పుస్తకంలో ఒక భాగానికి కాలం తెలిసే ఉంది. ముళ్లపూడి వెంకటరమణ గారి ‘బుడుగు’ ఆంధ్ర సచిత్ర వారపత్రికలో 1956–57లో వచ్చింది. బాపు గారు 1933 డిసెంబరు 15న నరసాపురంలో పుట్టారు, 1955లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నారు. అంటే మీ చేతిలో ఉన్నవి 22, 23 ఏళ్ల యువకుడు, ప్లీడరు కావలసిన చదువు చదివి ఆ వృత్తి పట్టకుండా కుంచె పట్టిన మనిషి వేసిన బొమ్మలు. అయితే ‘బుడుగు’ పక్కనే కుట్టి ఉన్నంత మాత్రాన తక్కిన కథలు కూడా ఆ ఏడాదివే అనుకోకూడదు. పేజీ కొలత కలిసిందనో, పుస్తకం మరీ పలచగా ఉందనో వేరు వేరు సంవత్సరాల ఆకుల్ని కలిపి కుట్టించడం మామూలు.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. కాసేపు బొమ్మను పక్కనపెట్టి ఆకు తిప్పి, వెనకవైపు ఏముందో చదవండి. అక్కడ మరో కథ ముక్కో, సబ్బు ప్రకటనో, తలనూనె ప్రకటనో, సినిమా ప్రకటనో ఉంటుంది. చించినవారు దాని కోసం చించలేదు గనక ఎవరూ దాన్ని పట్టించుకుని ఉండరు. తేదీ చెప్పేది మాత్రం అదే. ఉదాహరణకు ‘మాయాబజార్’ 1957 మార్చి 27న విడుదలైంది. వెనక పేజీలో ఆ సినిమా ప్రకటన ఉండి, అందులో త్వరలో వస్తున్నదని రాసి ఉంటే ఆ ఆకు ఆ తేదీకి కొద్దిగా ముందుది. ఫలానా ఊళ్లో ఇన్నో వారమని రాసి ఉంటే తరవాతిది, పైగా వారాల సంఖ్య కూడా దొరికినట్టే. అదే ఏడాది జనవరిలో ‘తోడికోడళ్ళు’ వచ్చింది. ఇలా రెండు మూడు సినిమాల మధ్య ఒక ఆకును ఇరికించగలిగితే చాలావరకు నెల తేలిపోతుంది.

ప్రకటనల్లో ధరలు ఇంకా బాగా పనికి వస్తాయి. మన దేశంలో నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. అంతకు ముందు అచ్చయిన ప్రకటనలో సీసా వెల రూపాయలు, అణాలు, పైసల్లో ఉంటుంది; తరవాత కొంతకాలానికి నయాపైసల్లోకి మారుతుంది. 1964 జూన్ 1 నుంచి ‘నయా’ అన్న మాట తీసేశారు గనక, ఉత్త ‘పైసలు’ అని ఉంటే ఆ ఆకు ఆ తరవాతిదని అనుకోవచ్చు. పాత అచ్చు ముక్కను మార్చకుండా వాడుకున్న బద్ధకపు ప్రకటనలు ఉంటాయి గనక ఒక్క ప్రకటనతో తీర్పు చెప్పకుండా రెండో సాక్ష్యం కూడా చూడండి.

చిరునామాలు మూడో సాక్ష్యం. ‘ఆంధ్ర రాష్ట్రం’ అన్న పేరు 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 వరకే నడిచింది, ఆ తరవాత ‘ఆంధ్రప్రదేశ్’ వచ్చింది. మీ ‘బుడుగు’ పేజీలు ఈ మార్పు జరిగిన నెలల చుట్టుపక్కలవే గనక వెనక వైపు వార్తల్లోనూ వ్యాసాల్లోనూ దాని జాడ దొరికే అవకాశం ఉంది. చిరునామా చివర ఆరంకెల పిన్‌కోడు ఉంటే ఆ ఆకు 1972 ఆగస్టు 15కు ముందుది కాజాలదు. మద్రాసుకు బదులు చెన్నై అని ఉంటే 1996కు ముందుది కాదు. ఉగాది సంచిక ఆకు అయితే సంవత్సర నామమే తేదీ చెప్తుంది: 1954 జయ, 1955 మన్మథ, 1956 దుర్ముఖి, 1957 హేవిళంబి. ఈ పేర్లు 60 ఏళ్లకోసారి తిరిగి వస్తాయి గనక, 2014లో కూడా జయ నామ సంవత్సరమే వచ్చింది; అయితే కాగితం చేత్తో పట్టుకుంటే ఆ రెంటి మధ్య తికమక పడేందుకు వీలుండదు.

ఇక సంతకం లేని బొమ్మలు. సంతకం లేకపోవడానికి రెండు మూడు కారణాలు ఉంటాయి. చిన్న బొమ్మకు సంతకం పెట్టే చోటే ఉండకపోవచ్చు. బొమ్మ మూలన సంతకం ఉన్నా, కాలమ్ వెడల్పుకు సరిపోవడం కోసం బ్లాకు, అంటే బొమ్మను అచ్చు వేసే లోహపు రేకు, అంచు కోసినప్పుడు అది ఎగిరిపోయి ఉండవచ్చు. లేదా ఆ బొమ్మ వేరొకరిదే అయి ఉండవచ్చు. దీన్ని తేల్చడానికి చాలామంది చేసే పొరపాటు, చేతిలోని బొమ్మను తమకు బాగా తెలిసిన బాపు బొమ్మతో, అంటే పెద్ద కళ్లూ వాలుజడా ఉన్న తరవాతి కాలపు బొమ్మతో పోల్చి చూడటం. 1956 నాటి బొమ్మను 1956 నాటి సంతకమున్న బొమ్మతోనే పోల్చాలి. మీ పుస్తకంలోనే సంతకం ఉన్నవాటిని ఒకపక్క పెట్టుకుని, చేతివేళ్లు ఎలా ముగిశాయి, చెవి ఎన్ని గీతల్లో పడింది, కాలి మడమ నేలను ఎలా తాకింది అన్న మూడు చూడండి. ముఖాన్ని అనుకరించడం తేలిక. వేళ్ల దగ్గరా మడమల దగ్గరా ఎవరి చెయ్యి వారిదే.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒక దీపావళి సంచికలో ప్రమిద పట్టుకున్న పిల్ల బొమ్మ చూసి, ఆ సంచిక తేదీనే ఆ బొమ్మ తేదీగా రాసుకున్నాను. తరవాత అదే పత్రిక అంతకు చాలా ముందటి సంచికలో అదే బొమ్మ, ఎడమ అంచున అదే చిన్న సొట్టతో కనబడింది. పత్రికల వాళ్లు బ్లాకుల్ని దాచుకుని అవసరమైనప్పుడు మళ్లీ వాడుకునేవారు. పండగ బొమ్మలు, శీర్షికల పక్క బొమ్మలు, పేజీ చివరి నింపుడు బొమ్మలు ఇలా తిరిగి తిరిగి వచ్చేవే. అందుకే ఆకు తేదీ తేలినా, ఆ బొమ్మ ఆ తేదీ నాటికి వేసి ఉందని మాత్రమే రాసుకోండి. కథలోని ఒక సంఘటనను పట్టుకుని వేసిన బొమ్మకు ఈ చిక్కు దాదాపు ఉండదు.

ప్రశ్న: నేను చిత్రకళ విద్యార్థిని. బాపు గారి తొలినాటి గీతకూ మలినాటి గీతకూ తేడా ఉందని అందరూ అంటారు కానీ ఆ తేడా ఎక్కడుందో ఎవరూ చూపించరు. చిన్న బొమ్మల్లో దాన్ని ఎలా పట్టుకోవాలి?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: మీరు చూస్తున్న గీత పూర్తిగా చిత్రకారుడిది కాదని మొదట గుర్తు పెట్టుకోవాలి. అందులో కొంత బ్లాకు చేసినవారిది, కొంత అచ్చు యంత్రానిది, కొంత కాగితానిది. ఆ మూడింటి వాటా తీసివేశాక మిగిలేదే బాపు గారి గీత.

1950లలో వారపత్రికలో బొమ్మ ఇలా అచ్చయ్యేది. చిత్రకారుడు నల్ల సిరాతో మందపాటి కాగితం మీద, అచ్చులో కావలసిన కొలతకు ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో పెద్దగా బొమ్మ వేసేవాడు. దాన్ని ఫోటో తీసి, తగ్గించి, జింకు రేకు మీదికి ఎక్కించి, ఆమ్లంలో ముంచితే గీతలు లేనిచోట లోహం కరిగిపోయి గీతలు మాత్రం ఎత్తుగా నిలిచేవి. ఆ రేకును చెక్క దిమ్మకు మేకులతో బిగించి, సీసపు అక్షరాల పక్కన పెట్టి అచ్చు వేసేవారు. అదే లైన్ బ్లాకు. దానికి నలుపూ తెలుపూ తప్ప బూడిదరంగు తెలియదు. నీడ కావాలంటే చిత్రకారుడే పక్కపక్కన గీతలు గీసో, చుక్కలు పెట్టో చూపించాలి. ఆ గీతలు మరీ దగ్గరగా ఉంటే తగ్గించినప్పుడు కలిసిపోయి సిరా ముద్దయ్యేది. మరీ సన్నగా ఉంటే వేల ప్రతులు పడేసరికి తెగిపోయేది. అందుచేత పాత బొమ్మలో గీత తెగి ఉంటే దాన్ని చిత్రకారుడి శైలిగా పొగడటానికి ముందు అదే సంచిక మరో ప్రతి దొరికితే చూడండి. నేను ఒకసారి ఒకే సంచిక రెండు ప్రతుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకదానిలో నిండుగా ఉన్న కిటికీ చువ్వలు రెండోదానిలో చుక్కలుగా మిగిలాయి.

అచ్చు ఏ పద్ధతిదో తెలుసుకోవడానికి వేలే చాలు. ఆకును తిప్పి బొమ్మ ఉన్నచోట వెనకవైపు మెల్లగా వేలితో తడమండి. బ్లాకు నొక్కిన అచ్చయితే గీతల వెంట సన్నటి ఉబ్బు తగులుతుంది. వేలికి తెలియకపోతే ఆకును కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే ఆ ఉబ్బు మీద వెలుతురు పడి కనబడుతుంది. భూతద్దంలో చూస్తే గీత అంచున సిరా పక్కకు నెట్టుకుపోయి, నడుమ కన్నా అంచు చిక్కగా ఉంటుంది. ఆఫ్‌సెట్ అచ్చులో, అంటే రేకు నేరుగా కాగితాన్ని నొక్కకుండా రబ్బరు పొర మీదుగా సిరా దిగే పద్ధతిలో, ఈ రెండూ ఉండవు. కాగితం చదునుగా ఉంటుంది, గీత అంతటా ఒకే నలుపులో ఉంటుంది. ఆఫ్‌సెట్ వచ్చాక చిత్రకారులకు సన్నటి గీత తెగిపోతుందన్న భయం తీరింది, కుంచెతో తేలిగ్గా అద్దిన నీడకు కూడా చోటు దొరికింది. తొలి బొమ్మల్లో కనబడని మెత్తదనం మలి బొమ్మల్లో కనబడితే దానిలో యంత్రానికీ వాటా ఉంది.

ఇదంతా తీసేశాక మిగిలిన తేడా గురించి నా అభిప్రాయం చెప్తాను. 1950ల చిన్న బొమ్మల్లో మనుషుల చుట్టూ సామాను ఎక్కువ. కుర్చీ, కిటికీ, గోడ, వాటి మీద నీడ గీతలు, ఇవన్నీ పాత్రలతో పాటు చోటు పంచుకుంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ సామాను తగ్గుతూ వస్తుంది. ఒక స్తంభం గీస్తే ఇల్లయిపోతుంది, ఒక మెట్టు గీస్తే గుడయిపోతుంది. 1970లలో శంకరమంచి సత్యం గారి ‘అమరావతి కథలు’ ఆంధ్రజ్యోతి వారపత్రికలో వచ్చినప్పుడు బాపు గారు వేసిన బొమ్మలు మీకు మంచి పాఠం. ఆ కథల్లో కృష్ణానది, గుడి, గట్టు మళ్లీ మళ్లీ వస్తాయి. ఒకే ఊరిని, ఒకే నదిని వారం వారం వేయవలసి వచ్చిన చిత్రకారుడు ఏం ఉంచుకున్నాడో, ఏం వదిలేశాడో బొమ్మ బొమ్మకూ గీతలు లెక్కపెట్టి రాసుకోండి. విద్యార్థికి అంతకన్నా మంచి కసరత్తు నాకు తెలియదు.

సినిమా కూడా ఒక కారణమని నేను నమ్ముతాను. 1967లో ‘సాక్షి’తో ఆయన దర్శకుడయ్యారు. తీయబోయే దృశ్యాలను ముందుగానే బొమ్మలు వేసుకుని, వాటి ప్రకారం చిత్రీకరించడం ఆయన పద్ధతి. కెమెరాను ఎక్కడ పెట్టాలని రోజూ ఆలోచించే మనిషి పత్రికకు బొమ్మ వేసినప్పుడు కూడా అలాగే చూస్తాడు. పాత్ర వీపు మీదుగా ఎదుటి మనిషిని చూపించడం, మనిషిని మూలకు జరిపి ఖాళీ జాగాను ఎక్కువగా వదలడం, పైనుంచి కిందికి చూడటం వంటివి 1967కు ముందు ఎంత తరచుగా ఉన్నాయి, తరవాత ఎంత తరచుగా ఉన్నాయి అన్నది మీరు ఓపికగా చూస్తే, నా నమ్మకం సరైనదో కాదో మీరే చెప్పగలరు. తేల్చి నాకు ఉత్తరం రాయండి.

ప్రశ్న: పరిశోధన కోసం పాత సంచికలు చూడాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పరిశోధకురాలు, విశాఖపట్నం

జవాబు: మీకు దగ్గరలోనే మొదలుపెట్టండి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో స్థాపించిన కథానిలయం ఉంది. అది కథల కోసం పెట్టింది గనక బొమ్మల పరిశోధకులు దాన్ని తలచుకోరు. కానీ చిన్న బొమ్మ ఎప్పుడూ ఒక కథను అంటిపెట్టుకుని ఉంటుంది. మీ దగ్గరున్న బొమ్మ ఏ కథకు వేసిందో తెలిస్తే, ఆ కథ మొదట ఏ పత్రికలో, ఏ తేదీన వచ్చిందో కథానిలయం జాబితాలో వెతకవచ్చు. కథ తేదీ దొరికితే బొమ్మ తేదీ దొరికినట్టే. కథ పేరు లేకుండా చిరుగు ముక్క మాత్రమే ఉంటే, అందులోని పాత్రల పేర్లు రాసుకుని వెళ్లి అడగండి.

ఆ తరవాత ఆంధ్రపత్రిక వారి ఆంధ్ర సచిత్ర వారపత్రిక, భారతి మాసపత్రిక వంటివి చూడాలంటే, ఉమ్మడి రాష్ట్రంలో ప్రెస్ అకాడమీ పాత పత్రికలను డిజిటల్ రూపంలోకి తెచ్చిన పని మీకు ఎంతో ప్రయాణం తప్పిస్తుంది. 1918లో స్థాపించిన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికల సంపుటాలకు పేరు పడ్డ చోటు. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, సుందరయ్య విజ్ఞాన కేంద్రం తరవాతి మజిలీలు. చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయాన్ని మరిచిపోకండి. దేశంలో అచ్చయిన పుస్తకాలు, పత్రికల ప్రతులు చట్ట ప్రకారం అందవలసిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. మన వారపత్రికలు చాలాకాలం మద్రాసులోనే అచ్చయ్యాయి గనక అక్కడ అడగడం న్యాయం.

డిజిటల్ ప్రతులతో ఒక ఇబ్బంది ఉంది. మొదట్లో స్కాన్ చేసినవాటిలో చాలా భాగం అక్షరాలు చదువుకోవడానికి వీలుగా ఉత్త నలుపు తెలుపుల్లో చేశారు. అక్షరం నిలుస్తుంది గానీ, సన్నటి నీడ గీతలు ఒకదానిలో ఒకటి కలిసి మసిబారిపోతాయి. అలాంటి స్కాన్ చూసి గీత గురించి ఏమీ రాయకండి. తేదీ, పేజీ, కథ పేరు దాని నుంచి తీసుకోండి. బొమ్మను మాత్రం కాగితం మీదే చూడండి. మీరే స్కాన్ చేసే అవకాశం దొరికితే రంగుల్లో, అంగుళానికి 600 చుక్కల చొప్పున, బొమ్మ వరకే కత్తిరించకుండా పేజీ మొత్తాన్ని, వెనకవైపుతో సహా తీయండి.

ప్రశ్న: పాత కథల పేర్లు బాపు గారి చేతిరాతలో ఉన్నాయి. చేతిరాత ఆయనదైతే బొమ్మ కూడా ఆయనదే అనుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: పాత పత్రికల్లో అనుకోవచ్చు, కొత్తవాటిలో కూడదు. ఆయన చేతిరాతను కంప్యూటరు ఫాంటుగా చేశాక ఎవరైనా ఆ అక్షరాలతో పేరు పెట్టుకోగలుగుతున్నారు, పెళ్లి శుభలేఖల దాకా ఆ రాత వెళ్లింది. తేడా కనిపెట్టడం కష్టం కాదు. కథ పేరులో ఒకే అక్షరం రెండుసార్లు వచ్చిందేమో చూడండి. రెండు ‘క’లు అచ్చుగుద్దినట్టు ఒకటిగానే ఉంటే అది ఫాంటు. చేత్తో రాసినదైతే రెండో ‘క’ తలకట్టు పక్క అక్షరానికి చోటిస్తూ కొంచెం వంగో, పొట్టిగానో, సాగో ఉంటుంది.

ప్రశ్న: నేను 20 ఏళ్లుగా ఇక్కడ ఉంటున్నాను. ఒక తెలుగు కుటుంబం ఊరు మారుతూ తమ ఇంట్లోని చిన్న బాపు బొమ్మను ఫ్రేముతో సహా మాకు ఇచ్చి వెళ్లింది. ఇది ఆయన స్వయంగా వేసినదా, అచ్చు ప్రతా అన్నది ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: ఫ్రేము విప్పించి, బొమ్మను భూతద్దంతో చూడండి. రంగులు చిన్న చిన్న చుక్కలుగా, పూరేకుల్లా గుమిగూడి కనబడితే అది అచ్చు ప్రతి. చుక్కలేవీ లేకుండా, కుంచె ఆగినచోట రంగు చిక్కబడి, రెండు పూతలు కలిసినచోట అంచు కనబడితే చేత్తో వేసినది కావచ్చు. పత్రిక కోసం సిరాతో వేసిన బొమ్మలకు ఇంకొన్ని ఆనవాళ్లు ఉంటాయి. కింద పెన్సిలు గీతల జాడ ఉంటుంది. తప్పు పడ్డచోట తెల్ల రంగు అద్ది ఉంటుంది. అంచున ఎన్ని కాలమ్‌ల వెడల్పుకు తగ్గించాలో రాసి ఉండవచ్చు. వెనక పత్రిక ముద్ర గానీ కథ పేరు గానీ ఉండవచ్చు. నీలం పెన్సిలు ఫోటోలో పడదు గనక పత్రికా కార్యాలయాల్లో సూచనలు దానితో రాసేవారు. అది కనబడితే సంతోషించండి. అచ్చు ప్రతి అని తేలినా బాధపడనక్కర్లేదు, మన ఇళ్ల గోడల మీద ఉన్నవాటిలో ఎక్కువ భాగం అవే. మూలచిత్రమైతే మాత్రం కిటికీ ఎండ తగలని గోడకు మార్చండి.

ఒక మాట అడగకపోయినా చెప్తున్నాను. బొమ్మ మీ సొత్తు అయినంత మాత్రాన దాన్ని అచ్చు వేసుకునే హక్కు రాదు. మన చట్టంలో ఆ హక్కు చిత్రకారుడి మరణం తరవాత 60 ఏళ్లు నిలుస్తుంది. బాపు గారు 2014 ఆగస్టు 31న కన్నుమూశారు గనక అది 2074 చివరి దాకా ఉంటుంది. హక్కు వారసులదా, పత్రికదా అన్నది ఆనాటి ఒప్పందాన్ని బట్టి ఉంటుంది.

ప్రశ్న: తొలినాటి చిన్న బొమ్మ ఒకటి, చివరి రోజుల చిన్న బొమ్మ ఒకటి పక్కపక్కన పెట్టి చూడాలంటే మీరు వేటిని ఎంచుకుంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: ఈ ప్రశ్న చదివి చాలాసేపు ఆలోచించాను. ఒకవైపు ‘బాల’ పత్రిక పేజీని పెడతాను. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు 1945లో పిల్లల కోసం మద్రాసు నుంచి మొదలుపెట్టిన పత్రిక అది. పిల్లల రాతలకూ, పిల్లల బొమ్మలకూ కూడా అందులో చోటుండేది. బాపు గారు, రమణ గారు ఇద్దరూ బడి పిల్లలుగా ఉన్నప్పుడే అందులో కనబడ్డారు. రెండో వైపు రమణ గారు స్వాతి వారపత్రికలో రాసిన ఆత్మకథ ‘కోతి కొమ్మచ్చి’లోని ఒక చిన్న బొమ్మను పెడతాను. దానికి బొమ్మలు వేసేనాటికి బాపు గారికి 75 ఏళ్లు దాటుతున్నాయి.

ఈ రెంటినీ ఎంచుకోవడానికి కారణం ఉంది. మొదటి దానిలో మద్రాసులో చదువుకుంటున్న ఒక కుర్రవాడు, తన స్నేహితుడితో పాటు, తనకు చేతనయినంత పొందికగా బొమ్మ వేశాడు. రెండో దానిలో 60 ఏళ్లు దాటాక అదే మనిషి, అదే స్నేహితుడు రాసిన మాటల పక్కన, ఆనాటి మద్రాసులో తిరిగిన ఆ కుర్రవాళ్లనే వేశాడు. మొదటి బొమ్మలో పిల్లవాడి చెయ్యి పెద్దవాళ్ల బొమ్మల్లా వేయాలని ప్రయత్నిస్తుంది. నేను చూసిన మలి బొమ్మల్లో ఆ ప్రయత్నం ఎక్కడా లేదు. నాలుగు గీతల్లో లాగూ, చొక్కా, పరుగు వచ్చేస్తాయి. 2011 ఫిబ్రవరిలో రమణ గారు వెళ్లిపోయారు. ఆ తరవాత బాపు గారు ఉన్నది మూడున్నరేళ్లే. అందువల్ల ‘కోతి కొమ్మచ్చి’ బొమ్మలు నాకు తక్కిన మలి బొమ్మలతో సమానం కావు.

పుస్తకంలోనే కాకుండా వీలైతే వారపత్రికలో చూడండని మళ్లీ చెప్తాను. పుస్తకంలో పేజీ కొలత మారుతుంది, దానితో బొమ్మ కొలతా మారుతుంది. స్వాతి పాత సంచికలు ఇంకా ఇళ్లలో ఉన్నాయి, పాత పుస్తకాల దుకాణాల్లో కట్టలుగా దొరుకుతున్నాయి. 1956 నాటి వారపత్రిక కోసం పడుతున్న పాట్లు చూశాక, 2009 నాటి వారపత్రికను ఇప్పుడే దాచిపెట్టమని పాఠకులందరినీ కోరుతున్నాను.

ప్రశ్న: మా తాతగారి పాత వారపత్రికల కట్ట దొరికింది. కాగితం ముట్టుకుంటే విరుగుతోంది. బాపు బొమ్మల వరకు కత్తిరించి అట్ట మీద అంటించి ఆల్బం చేద్దామని ఉంది. ఏ జిగురు వాడాలి?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: దయచేసి కత్తిరించకండి, ఏ జిగురూ వాడకండి. కత్తిరిస్తే వెనక పేజీలోని సినిమా ప్రకటన, సబ్బు ధర, చిరునామా రెండు ముక్కలవుతాయి; అంటిస్తే పూర్తిగా మూసుకుపోతాయి. తెనాలి పాఠకురాలికి పైన చెప్పిన ఉపాయాలేవీ ఆ తరవాత మీకు గానీ మీ పిల్లలకు గానీ పనికి రావు. వార్తాపత్రికల కాగితం చెక్క గుజ్జుతో చేసినది గనక వెలుతురు, గాలి తగిలేకొద్దీ పసుపుబారి పెళుసెక్కుతుంది. సంచికల్ని నిలబెట్టకుండా పడుకోబెట్టి, ఆమ్లం లేని కాగితం దొరికితే మధ్య మధ్య పెట్టి, మూత ఉన్న అట్టపెట్టెలో, నేలకు ఎత్తుగా, వంటింటికి దూరంగా ఉంచండి. విరిగిన ముక్కల్ని సెల్లోటేపుతో అతకకండి, కొన్నేళ్లకు ఆ జిగురు గోధుమరంగు మరకై బొమ్మలోకి దిగుతుంది. ఏ సంచిక ముక్క ఆ సంచికలోనే ఒక కవరులో వేసి ఉంచండి.

ఆల్బం కావాలంటే ఫోటోలతో చేసుకోండి. పొద్దుటి నీడలో, కిటికీ పక్కన, ఆకుకు సరిగ్గా పైనుంచి ఫోన్‌తో రెండేసి ఫోటోలు తీయండి: ఒకటి బొమ్మ ఉన్న పేజీ మొత్తం, రెండోది దాని వెనక పేజీ మొత్తం. కొలత తెలియడానికి పక్కన ఒక స్కేలు పెట్టండి. ప్రతి జతకూ పత్రిక పేరు, సంచిక తేదీ, పేజీ అంకె, కథ పేరు, రచయిత పేరు, సంతకం ఉందో లేదో రాసుకోండి. మీ కట్టలో 1950ల ఆంధ్ర సచిత్ర వారపత్రిక సంచికలు గనక ఉంటే, జాబితా మాత్రం నాకు పంపండి. తెనాలి బైండులోని తేదీ లేని ఆకులకు జోడీ అందులో దొరుకుతుందేమో చూద్దాం.